పడుగు మధ్యలో వచ్చిన సీటు

1978 ఆగస్టులో నా దగ్గరున్న సరుకు ముందు చెప్పేస్తాను. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో ఒక సీటు. మెస్ బిల్లుకు బొటాబొటిగా సరిపోయే మెరిట్ స్కాలర్‌షిప్పు. మేనమామ ఇచ్చిన రేకు పెట్టె, అందులో రెండు జతల బట్టలు. ఇవి కాక ధర్మవరంలో మా ఇంటి మగ్గం దగ్గర, నాయనకు ఎడమ పక్కన, ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు. సీటు సంగతి వీధంతా చెప్పుకుంది. పెట్టెను వచ్చినవాళ్ళందరూ మూత ఎత్తి చూశారు. ఆ చోటును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఏడాది బేరమంతా దాని మీదే నడిచింది.

మా నాయన చిన్నప్ప పెద్దంచు పట్టుచీరలు నేసేవాడు. ఒళ్ళు ఒక రంగు, అంచు ఇంకొక రంగు. అలాంటి చీర ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నేతగాడు మగ్గం గుంటలో కూర్చుని ఒళ్ళు నేస్తుంటే, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు పోగును అటూ ఇటూ మోసే నాడె విసరాలి. ఒకరు విసిరేదాకా ఇంకొకరు ఆగాలి. ఒకరు దగ్గితే ఇద్దరి పనీ ఆగుతుంది. నా చేతులు అందినప్పటి నుంచి ఆ పక్క మనిషిని నేనే. బడికి ముందు, బడి తర్వాత, సెలవుల్లో రోజంతా.

మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. మూడు చీరలకు సరిపడా నిలువు పోగులు, అంటే పడుగు, మగ్గానికి ఎక్కిందంటే, దాన్ని మొదలుపెట్టిన జంటే ముగించాలి. మధ్యలో చేయి మార్చకూడదు. భక్తితో పెట్టుకున్న నియమమేమీ కాదు, వ్యాపారం. ఒక్కొక్క చేతిది ఒక్కొక్క బిగువు. చేయి మారిన చోట అంచులో సన్నగా తేడా వస్తుంది. కొనేవాళ్ళ కంటికి ఆనదు గానీ సరుకు తీసుకునే సావుకారి బొటనవేలికి తగులుతుంది. తగిలిందా, ఆ చీర పక్కకు పోతుంది.

నాకు సీటు వచ్చినట్టు కార్డు అందిన రోజున, మగ్గం మీద పడుగులో మొదటి చీర సగం కూడా కాలేదు.

కాలేజీ తెరిచే ముందు, ఉండే చోటు చూడడానికి నాయన నన్ను వెంటబెట్టుకుని అనంతపురం వచ్చాడు. ముందుగా మా కులంవాళ్ళ హాస్టలుకు పోయాం. పాతూరులో మేడ ఇల్లు. గదికి బాడుగ లేదు, భోజనానికి ఖర్చు లేదు. కమిటీకి పెద్ద హనుమంతరాయుడు. మా నాయనకు పట్టూ జరీ ఇచ్చి, నేసిన చీర తీసుకునే సావుకారి ఆయనే. ఆ రోజు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

“రాప్పా చిన్నప్పా! కొడుకు ఇంజనీరు అయితాండాడంట. ఇంగ నీ మగ్గానికి మోటారు పెడతాడేమో!”

“మోటారెందుకు సావుకారీ, వాడే ఉండాడు గదా,” అని నాయన నవ్వాడు.

“గది చూసుకో. మీ ఇల్లే అనుకో. శనివారం మధ్యాన్నం తాళం ఏస్తాము. పిల్లోళ్ళంతా ఇండ్లకు పోయి సోమవారం పొద్దున రావల్ల. పట్నం పడినాక తల్లిదండ్రుల మీద ధ్యాస పోగూడదు చూడు.”

శనివారం తాళం అన్న మాటకు నాయన ముఖం విచ్చుకుంది. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం తెల్లవారేదాకా ఎంత అంచు దిగుతుందో ఇద్దరం మనసులో కొలుచుకున్నాం. ఆయన కొలతకు ఆయన సంతోషపడ్డాడు, అదే కొలతకు నాకు గుబులు పుట్టింది. నా లెక్కలో ఆ గది, మగ్గానికి కట్టిన తాడును అనంతపురం దాకా వదలడమే. గదిలో బల్ల కూడా లేదు. డ్రాయింగు షీటు పరవాలంటే నేల మీద పరచి, పక్కవాడి కాళ్ళు తగలకుండా కాపలా కాయాలి.

తర్వాత కాలేజీ హాస్టలు. పొడుగ్గా రాతి కట్టడం. ముందర కుళాయి దగ్గర బకెట్లు వరస కట్టి ఉన్నాయి, మనుషులు లేరు, నీళ్ళూ లేవు. మెట్టు మీద ఒక కుర్రవాడు గ్లాసెడు నీళ్ళతో ముఖం, కాళ్ళు, చేతులు అన్నీ కడుక్కుంటున్నాడు. మమ్మల్ని చూసి ఆ గ్లాసు అడుగు నీళ్ళు వేపమొక్కకు పోశాడు.

“కొత్తోనివా? నేనూ కొత్తోన్నే. ఓబుళేసు. మాది పామిడి పక్కన. రా, గది చూపిస్తా. పెద్దాయనా, నువ్వూ రా.”

గదిలో మూడు మంచాలు. రెంటి మీద పక్కలు పరిచి ఉన్నాయి. మూడోది స్నానాల గదికి ఆనుకున్న గోడ పక్కన ఖాళీగా ఉంది.

“దీనికి ఎవురూ రాలేదు, వాసనొస్తాదని. నీళ్ళుంటే గదప్పా వాసన! ఈ ఏడు ఆ భయం లేదు,” అన్నాడు ఓబుళేసు.

కిటికీ కింద పొడుగాటి బల్ల ఉంది. దాని మీద సీనియర్లు వదిలిపోయిన పాత షీట్లు చుట్టచుట్టి పెట్టి ఉన్నాయి. నేను ఒకదాన్ని విప్పి చూశాను. నాయన ఆ బల్లను చూడలేదు.

“శని ఆదివారాలు ఇంటికి పంపుతారా?” అని అడిగాడు.

“పంపేదేముంది పెద్దాయనా, పోతే పోవచ్చు. ఐతే ఆదివారమే అందరం కూచోని షీట్లు గీసేది. ఇంటికి పోయినోడు సోమవారం మొగం ఏలాడేసుకోని కూచుంటాడు.”

స్టేషనుకు నడిచి వస్తుంటే నాయన అడిగాడు. “నీకు యా హాస్టలు బాగుండాది?”

“కాలేజీది.”

“ఊ.” కొంత దూరం నడిచాక అన్నాడు. “పడుగు అయ్యేదాకా రైల్లో పోయి రా. అయినాక పోదువు.”

బేరం కుదిరిందనుకున్నాను. వార్డెను ఆఫీసులో పేరు రాయించుకున్నాను. ఆ మంచం మీద నా దుప్పటి పరిచి పెట్టమని ఓబుళేసుకు ఇచ్చి వచ్చాను.

కాలేజీ తెరిచాక రోజూ తెల్లవారకముందే లేచి నాయన పక్కన కూర్చునేవాడిని. రైలు వేళకు లేచి, తలకు నీళ్ళు చల్లుకుని పరుగు. మీటరు గేజి పాసింజరు అది. చిగిచెర్ల దగ్గర ఎదురుబండి కోసం ఆగితే, దిగి బీడీ కాల్చి మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఆ ఏడు శ్రావణమూ ఎండగానే పోయింది. వేరుశనగ మొలిచినంత మొలిచి మాడిపోయింది. కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా ఎర్రటి నేల. ఎదురుబండి నిండా మూటలతో బెంగళూరు వైపు పోయే కూలీలు. నేను కాలేజీ వైపు పోతూ కూడా ఇంటి వైపు పోతున్నట్టే ఉండేవాడిని. క్లాసులో కూర్చుంటే మగ్గం, మగ్గం మీద కూర్చుంటే క్లాసు. రెండు అంగళ్ళలో ఒకేసారి బేరమాడే మనిషికి రెండు చోట్లా నష్టమే.

షీటు గీయడానికి ఇంట్లో చోటు లేదు. పాడైపోయిన పాత తలుపు ఒకటి బోర్లించి, దాని మీద గీసేవాడిని. గీసినదాన్ని చుట్టి చంకలో పెట్టుకుని రైల్లో నిలబడి తెచ్చేవాడిని. ఒకరోజు డ్రాయింగు మాస్టారు నా షీటు విప్పి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆయనది కోస్తా.

“ఈ చుక్కలేవిటయ్యా? నేనిచ్చిన లెక్కలో లేవే!”

“ఇంజను బొగ్గు సార్. కిటికీ పక్కన నిలబడినాను.”

“ఇంజను గీయమన్నానా? మళ్ళీ గీసుకురా.”

క్లాసంతా నవ్వింది. మళ్ళీ గీయడానికి ఆదివారం కావాలి. ఆదివారం నాది కాదు.

హాస్టల్లో రోజూ సాయంత్రం అటెండరు కొండప్ప గదులు తిరిగి హాజరు తీసుకునేవాడు. నా మంచం సంగతి ఓబుళేసు ఎలా నెట్టుకొస్తున్నాడో మర్నాడు మెస్సులో అభినయించి మరీ చెప్పేవాడు.

“‘యాడరా వీడు?’ అన్నాడు కొండప్ప. ‘స్నానానికి పోయినాడన్నా’ అన్నా. ‘నిన్నా స్నానమే, మొన్నా స్నానమే. ఊరంతా బిందెడు నీళ్ళకు కొట్టుకు చస్తాంటే వీడు యాడ మునుగుతాండాడప్పా?’ అన్నాడు. ‘మా పామిడి పెన్నేట్లో అన్నా’ అన్నా. ‘పెన్నేట్లో నీళ్ళు యాడుండాయిరా, ఇసుక గదా!’ ‘వీనికి ఇసుకతోనే ఒళ్ళు రుద్దుకునే అలవాటన్నా.’ ఎన్నాళ్ళు చెప్పల్ల జయరామా? త్వరగా రా. ఆ కొండప్ప నన్నే ఏట్లో ముంచేట్టుండాడు.”

నాయన పరిస్థితీ నాలాగే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. నేను లేనప్పుడు ఆయనకు పని సాగదు. ఒళ్ళు ముందుకు పోయి అంచు వెనక నిలబడడం కుదరదు. పగలంతా మగ్గం అచ్చు తుడిచేవాడు, పోగు చుట్టిన కండెలు సర్దేవాడు, వీధి మొన దాకా పోయి వచ్చేవాడు. చీర పది రోజుల పని ఇరవై రోజులైంది. కార్తీకంలో పెళ్ళిళ్ళున్నాయని సావుకారి మనిషి రెండుసార్లు వచ్చి పోయాడు.

దసరాకు ముందు ఒక శుక్రవారం సాయంత్రం మూడో చీర కోశాం. అదే రోజు కాలేజీ నోటీసు బోర్డులో కాగితం అంటించారు. హాస్టల్లో పేరు రాయించుకుని ఇంకా ఉండడానికి రానివాళ్ళు సోమవారానికల్లా రావాలి, లేకపోతే ఆ చోటు వెనక వరసలో ఉన్నవాళ్ళకు పోతుంది. నాకు కాలం కలిసొచ్చిందనుకున్నాను. రాత్రే పెట్టె సర్దుకున్నాను.

శనివారం కాలేజీ నుంచి వచ్చేసరికి మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా కొత్త పడుగు సాగదీసి ఉంది. ఆకుపచ్చ పట్టు. ఇరుగుపొరుగు మగవాళ్ళు అటొకరు ఇటొకరు పట్టుకున్నారు. నాయన దాని పక్కనే నడుస్తూ తెగిన పోగులు చూసుకుంటున్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టు ముందుకు పోయాడు.

ఇంట్లోకి వచ్చాక అడిగాను. “నాయనా, పడుగు అయినాక పొమ్మంటివి గదా?”

“ఎవురు వద్దన్నారు? పడుగు అయినాక పో.”

“అయిపాయ గదా నిన్న!”

“అది అయినాది. ఇది సోమవారం ఎక్కుతాది. సావుకారి పట్టు ఇచ్చేసినాడు. తిరిగి ఇయ్యమంటావా?”

“ఇది అయినాక ఇంకోటి వస్తాది.”

“వస్తాది. రాకపోతే తినేదేమి?” అని నాయన గుంటలోకి దిగి కూర్చున్నాడు. “సావుకారి హాస్టల్లో చేరు. శనివారం వస్తావు, సోమవారం పోతావు. నీ సదువూ ఉంటాది, నా మగ్గమూ ఉంటాది.”

నాకు కోపమొచ్చింది. కానీ ఆయన లెక్కలో తప్పు పట్టలేకపోయాను. తప్పు లేని లెక్క మీద కోపం తెచ్చుకుంటే, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పెట్టె మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. అమ్మ అప్పటికే మగ్గం ముందర పీట వేసుకుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు పురిపెట్టి కలుపుతోంది. వేలకొద్దీ పోగులు, ఒక్కొక్కటే. ఆ పని మా వీధిలో ఆడవాళ్ళదే. కండెలు చుట్టేది వాళ్ళే, పోగులు కలిపేది వాళ్ళే. మగ్గం మీద మాత్రం కూర్చోరు. ఎందుకని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అమ్మ పేరు నాగలక్ష్మమ్మ. శనివారం పొద్దుపోయేదాకా, ఆదివారం రోజంతా తల ఎత్తకుండా కలిపింది. ఒక్కసారి మాత్రం నన్ను పిలిచి అడిగింది.

“ఆ కాలేజీ హాస్టల్లో నీకు మంచం ఉండాదన్నావే, గోడ పక్కనా, కిటికీ పక్కనా?”

“గోడ పక్కన. బల్ల కిటికీ కింద ఉండాది.”

“ఊ,” అని మళ్ళీ పోగులు పట్టుకుంది.

సోమవారం తెల్లవారుతుండగా మగ్గానికి పసుపు కుంకుమ పెట్టారు. టెంకాయ కొట్టారు. నాయన గుంటలో కూర్చున్నాడు. నేను కాలేజీ బట్టలు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటి పోటు, అంటే మొదటి అడ్డపోగు, వేసేదాకా ఆగి, నాలుగు పోట్లకు కూర్చుని, ఆ పైన రైలుకు పరుగెత్తాలి. నా బుద్ధికి అంతవరకే తోచింది. నాలుగు పోట్లకు కూర్చుంటే మూడు చీరలకూ కూర్చున్నట్టేనని తెలిసి కూడా.

అమ్మ చేతుల బూడిద కొంగుకు తుడుచుకుంది. పీట పక్కకు జరిపింది. నాయన ఎడమ పక్కన నా చోట కూర్చుంది.

నాయన ఆమె ఏదో పోగు సరిచేయడానికి కూర్చుందనుకున్నాడు. కొంతసేపు చూశాడు.

“అయినాదా? లెయ్యి ఇంగ.”

“లేచేదానికి కూచోలేదు. పడుగు మొదలుపెట్టినోళ్ళే ముగించల్లని నువ్వే గదా అంటావు. మొదలుపెట్టు.”

“నీకేమొస్తాదే?”

“వచ్చేదాకా ఇప్పి మళ్ళా నేస్తా. ఇరవై ఏండ్లుగా ఈ ఇంట్లో వేరే శబ్దం ఇన్నానా నేను?”

“వీధి నవ్వుతాది.”

“నవ్వనీ. నవ్వేది ఊరికే గదా, పట్టు ఖర్చు కాదు.”

అదే వేళకు పక్కింటి తిప్పమ్మ బిందెతో లోపలికి వచ్చి, గడపలోనే ఆగిపోయింది.

“ఏం నాగలక్ష్మీ, నువ్వు కూచున్నావా! ఇంట్లో మగోళ్ళు లేరా ఏమి?”

“ఇద్దరూ లక్షణంగా ఉండారు తిప్పక్కా. ఒకడు సదువుకు పోతాండాడు. ఇంకొకాయన ఈడ మొగం మాడ్చుకోని ఉండాడు. నీళ్ళు తొట్లో ఉండాయి, సగం బిందె ముంచుకో.”

తిప్పమ్మ సగం బిందె ముంచుకుని, పూర్తి బిందెడు కబురుతో పోయింది. నాయన నా వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు చూడకుండా అన్నాడు.

“కుచ్చెళ్ళు పైకి చెక్కుకో. తొక్కుడు కర్రకు తగులుకుంటాయి.”

అమ్మ చెక్కుకుంది. నాయన మొదటి పోటు వేశాడు. ఆమె విసిరిన నాడె సగంలో ఆగిపోయింది. చేత్తో తీసి మళ్ళీ విసిరింది.

నేను పెట్టె ఎత్తుకున్నాక నాయన ఇంకొక మాట అన్నాడు. “మొదటి చీర సావుకారి చూస్తాడు. ఆయన ఒప్పుకుంటే సరే. తప్పితే నువ్వు ఇంటికి రావల్ల. ఆ హాస్టలు వద్దు, ఈ హాస్టలు వద్దు, రైలే.”

“సరే నాయనా,” అన్నాను. అంతకంటే మంచి బేరం ఆ పూట దొరకదు.

ఆ సాయంత్రం కొండప్ప నన్ను తేరిపార చూశాడు. “నువ్వేనా స్నానమోడివి? ఒళ్ళు చూస్తే నీళ్ళు తగిలినట్టే లేదే!” అన్నాడు.

చోటు దొరికింది. స్థిమితం దొరకలేదు. అలవాటు కొద్దీ చీకటితోనే మెలకువ వచ్చేది. ఒకరోజు ఓబుళేసు లేచి కూర్చుని, “ఒరే, నిద్దట్లో ఎవురిని కొడతాండావురా? గోడ పెచ్చులు రాలుతాండాయి,” అన్నాడు. నా ఎడమ చేయి దానంతటదే విసురుతోందట. షీట్లు శుభ్రంగా వస్తున్నాయి, మార్కులు పడుతున్నాయి. అయినా అమ్మ ఎంత నేసి ఎంత విప్పుతోందో, నాయన ఎన్నిసార్లు అరుస్తున్నాడో, సావుకారి బొటనవేలు ఎక్కడ ఆగుతుందో, ఇవే లెక్కలు. సరుకు చేతిలో లేకుండా ధర కోసం ఎదురుచూసే వాడి పాట్లు అవి.

దీపావళికి ముందు శనివారం ఇక ఆగలేక ఇంటికి పోయాను. అమ్మ నీళ్ళకు పోయింది. కుళాయి దగ్గర వరస పెద్దది. నాయన గుంటలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర అంచు. మొదటి చీర కొంగు దగ్గర పడుతోంది. నేను వంగి అంచు చూశాను. బాగుంది. బాగుండడం చూసి సంతోషపడాలి కదా, నాకు ఏదో వెలితిగా అనిపించింది.

నాయన అంచు నాడెను నా వైపు జరిపాడు.

కూర్చున్నాను. చేయి మరిచిపోలేదు. ఇద్దరం నేసుకుంటూ పోయాం. నాయన మధ్యలో ఒకసారి గొంతులోనే నవ్వాడు. నేనూ నవ్వాను. వీధిలో బిందెల చప్పుడు వినిపించగానే గబుక్కున లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పటికి జానెడు దిగింది. ఊరందరికీ కట్టుబాటు చెప్పే నాయనకూ, దాని వల్ల రైల్లో మసి తిన్న నాకూ, ఆ జానెడు సేపు అది గుర్తు రాలేదు.

అమ్మ బిందె దించి, మగ్గం దగ్గరికి వచ్చి కూర్చుంది. నాడె తీసుకుని, ఆగిన చోటు నుంచి విసరడం మొదలుపెట్టింది.

పండగ వెళ్ళిన మర్నాడు సావుకారే ఇంటికి వచ్చాడు. ఆడమనిషి నేసిన పెద్దంచు చీర చూడాలని వీధిలో ఇంకో నలుగురు వెంట వచ్చారు. నేను కాలేజీకి పోకుండా ఆగాను. హాస్టల్లో నా మంచం, నా చదువు రెండూ ఆయన బొటనవేలి కింద ఉన్నాయి.

హనుమంతరాయుడు చీరను మోకాళ్ళ మీద పరచుకుని అంచు వెంట వేలు నడిపాడు. మెల్లగా నడుస్తోంది. మొదట్లో రెండు చోట్ల కొంచెం నిదానించి, ముందుకు పోయింది. నడిమి భాగమంతా ఆగకుండా పోయింది. అమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. కొంగు దగ్గరికి వచ్చాక వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ వచ్చి మళ్ళీ అక్కడే ఆగింది.

“చిన్నప్పా, ఈడ చేయి మారినాది.”

నాయన నేల చూశాడు.

“ఇంత దూరం ఒకటే బిగువు. శానా బాగుండాది. నీ కొడుకు చేయి కంటే ఒక పిసరు గట్టిదే అనుకుంటాండా. ఈడ జానెడు మేర ఏమైనాది? ఎవురు కూచున్నారు?”

నాయన నోరు తెరవకపోతే ఆ తేడా అమ్మ ఖాతాలో పడుతుంది. చీర తప్పినట్టే. నేను ఇంటికి వచ్చేస్తాను, తన పక్కన కూర్చుంటాను. ఆయనకు కావలసిందంతా, నోరు మూసుకుని ఉంటే చాలు, వచ్చి ఒళ్ళో పడుతుంది. నాకు ఆ లెక్క తెలుస్తూనే ఉంది. ఆయనకూ తెలుసు. నేను నోరు తెరవబోయాను.

“వాడు కూచున్నాడు,” అన్నాడు నాయన. “నేనే నాడె ఇచ్చినా. మిగతాదంతా మా ఇంటామె చేయి.”

అమ్మ తలుపు వదిలి ముందుకు వచ్చింది. సావుకారి ఉన్నాడని గానీ, వీధివాళ్ళు ఉన్నారని గానీ చూసుకోలేదు.

“ఎవురు కూచోమన్నారురా నిన్ను నా తావున? నేను నేర్చుకునేదానికి ఎంత ఇప్పినానో తెలుసునా నీకు? నీళ్ళకు పోయి వచ్చేలోపల జానెడు పాడుచేసి పెడితిరి గదా ఇద్దరూ! ఇంజనీరు సదువుతాండావు, చేయి మార్చగూడదని తెలీదా?”

సావుకారి నవ్వాపుకోలేక చీర మడిచాడు. “తల్లీ, నీకు ఇంకో రెండు చీరల పడుగు ఉండాది గదా. ఈ తండ్రీకొడుకులను దగ్గరికి రానియ్యొద్దు. ఇది మాత్రం నేను తీసుకోలేను. పట్టు ఖర్చు మీ లెక్కలో రాసుకుంటా.”

“వాడు ఇంటికి రావల్సిన పని లేదు గదా ఐతే?” అమ్మ అడిగింది సావుకారిని కాదు, నాయనను.

“వద్దులే. వస్తే మళ్ళా కూచుంటాడు,” అన్నాడు నాయన.

ఆ చీరను నేనే అనంతపురం తీసుకుపోయాను. కాలేజీ ఆఫీసులో పనిచేసే ఒకామె ఇంట్లో పెళ్ళి ఉందని విని, సాయంత్రం పోయి ఆమె ముందు పరిచాను. తేడా ఉన్న చోటు ముందే వేలు పెట్టి చూపించాను. ఇక్కడ నా చేయి పడింది, దానికి తగ్గట్టు తగ్గించుకోండి అన్నాను. ఆమె దీపం దగ్గరికి తీసుకుపోయి వెతికింది. వాళ్ళమ్మతో వెతికించింది. కనబడలేదు. “ఇలాంటిది ఇంకోటి ఉందా?” అని అడిగింది.

“కార్తీకంలో రెండు దిగుతాయమ్మా,” అన్నాను. నా చీరల వ్యాపారంలో మొదటి మాట అది. ఆ రెండూ సావుకారివని తెలిసి కూడా అనేశాను. ఇంజనీరింగు ప్యాసయ్యాను, సర్టిఫికెట్టు తీసుకున్నాను, ఉద్యోగానికి మాత్రం పోలేదు. చదువు నష్టమైందని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు చూసే ఖాతా వేరు.

ఆ సీజనుకు నా ఖాతా ఇది. నాకు ఒక మంచం, ఒక బల్ల, కొన్ని ఆదివారాలు వచ్చాయి. నాయనకు పగటిపూట పని వచ్చింది, పోట్లాడే మనిషి పక్కనే వచ్చింది. అమ్మకు కూర్చునే చోటు వచ్చింది. ఆ తర్వాతి ఏడు తిప్పమ్మ కూడా వాళ్ళింటి మగ్గం దగ్గర కూర్చుంది. పోయిందల్లా నాయన ఎడమ పక్కన నా చోటు. నేను లేకపోయినా ఆ మగ్గం ఆడుతుందని ఆ రోజు తెలిసింది. దాన్ని నష్టం కిందే వేసుకుని హాస్టలుకు పోయాను. జమ వైపుకు మార్చుకోవడానికి శానా ఏళ్ళే పట్టింది.